సీసాలో దూది

ఆ ఆదివారం మధ్యాహ్నం నాన్నమ్మ గుడిసెలో ఐదుగురు ఉన్నారు. గోడకు ఆనుకుని, గడ్డిచాప మీద కాళ్ళు చాపుకుని నాన్నమ్మ. గుమ్మం దగ్గర వెలుతురులో పొట్టి పీట మీద ఖెత్సివే అత్త. ఆమె బొనిసిలే నాన్నకు చెల్లెలు, ఊళ్ళో ఆడవాళ్ళందరికీ జడలల్లే మనిషి. అత్త మోకాళ్ళ మధ్య కింద కూర్చుని తల అప్పజెప్పిన లాజ్వానే. అత్తను చేసుకోబోతున్న సబేలోకు ఆవిడ సొంత అక్క. అత్త కూతురు నొక్వాండా, ఐదేళ్ళది, దువ్వెన పళ్ళలో చిక్కిన వెంట్రుకలు ఏరుతోంది. నీళ్ళ బకెట్టు పక్కన, ఎవరి కాళ్ళకూ అడ్డం రాకుండా, బొనిసిలే.

ఆరోది రేడియో. దాన్ని మనుషుల్లో కలపకూడదు గానీ, ఆ రోజు ఆ గుడిసెలో అసలు మాట మాట్లాడింది అదే.

పొద్దున్న నాన్నమ్మ చర్చికి బయల్దేరగానే బొనిసిలే ఒక పని చేసింది. రేడియో వెనక మూత తీసి, రెండు బ్యాటరీల్లో ఒకటి లాగి, మొక్కజొన్న పిండి డబ్బాలో చెయ్యి మోచేతిదాకా దూర్చి అడుగున పాతేసింది. మధ్యాహ్నం రెండు గంటలకు రేడియోలో ఏం వస్తుందో ఆ ఇంట్లో తనొక్కదానికే తెలుసు. గురువారం బడిలో చెప్పినప్పటినుంచి తెలుసు. చెప్పడానికి మూడు రోజులు దొరికాయి. చెప్పలేదు. బ్యాటరీ దాచింది.

నాన్నమ్మ తిరిగొచ్చి మీట తిప్పితే రేడియో పలకలేదు. అరచేత్తో రెండు దెబ్బలు వేసింది. మూత తీసి చూసింది.

"ఇందులో ఒకటి ఏమైందే?"

"తెలీదు నాన్నమ్మా."

నాన్నమ్మ ఇంకేమీ అడగలేదు. టార్చిలైటు విప్పి అందులో బ్యాటరీ తీసి ఇందులో పెట్టింది. చర్చి పాటలు మొదలయ్యాయి.

లాజ్వానే జడల కోసమే వచ్చినట్టు వచ్చింది గానీ, ఇల్లు చూసిపోవడానికి వచ్చిందని అందరికీ తెలుసు. వచ్చే శనివారం వాళ్ళ పెద్దలు పశువుల మాట మాట్లాడటానికి వస్తారు. ఆడపిల్లను ఇచ్చే ఇంటికి ఎన్ని ఆవులు తోలాలో ఆ రోజే తేలాలి.

"మా పెదనాన్నకి మాత్రం పుల్లపాలు పోయకండి. గిన్నె ఖాళీ అయ్యేసరికి గురక పెడతాడు. పశువుల మాట అక్కడే ఆగిపోతుంది," అంది లాజ్వానే.

"అయితే రెండు గిన్నెలు పోస్తాం వదినా. నిద్రలో తల ఊగితే ఒప్పుకున్నాడనుకుంటాం," అంది అత్త.

నాన్నమ్మ పొట్ట కదిలేలా నవ్వింది. లాజ్వానే కూడా నవ్వి, బకెట్టు వైపు చూసింది. "ఈ పిల్ల నోట్లో నీళ్ళు పోసుకుని కూర్చుంటుందేం ఎప్పుడూ?"

"మనుషులతో మాట్లాడదు, కాగితంతో మాట్లాడుతుంది. క్లినిక్ వాళ్ళు పిల్లలకి కవితల పోటీ పెడితే సోలార్ దీపం గెలుచుకొచ్చింది తెలుసా."

"ఏం కవితో?"

"మాకు చెప్తేగా. అడిగితే సిగ్గు."

అత్త ఆ మాట గర్వంగానే అంది. బొనిసిలేకు ఆ బకెట్టులో మునిగిపోతే బాగుండుననిపించింది.

*

అత్త తన సంగతి బొనిసిలేకు చెప్పింది కిందటేడు సెలవుల్లో. బడి నడిచే రోజుల్లో ఆడపిల్లల జుట్టు మగపిల్లల జుట్టంత పొట్టిగా ఉండాలి. సెలవులు పడ్డాక కాస్త పెరిగితే, దానికి నల్లదారం కలిపి అత్త జడలల్లేది. అల్లేవాళ్ళ ముఖం అల్లించుకునేవాళ్ళకు కనపడదు. అందుకేనేమో, ఊళ్ళో ఆడవాళ్ళు అత్త మోకాళ్ళ మధ్య కూర్చుని చెప్పుకోని కష్టం లేదు. ఆ రోజు మాత్రం చెప్పుకున్నది అత్త.

నొక్వాండా కడుపులో ఉండగా క్లినిక్‌లో రక్తం తీసి, హెచ్ఐవీ ఉందన్నారట. అప్పటినుంచీ రోజూ రాత్రి ఎనిమిదింటి వార్తలప్పుడు ఒక మాత్ర. పాపకు అంటలేదు. ఇప్పుడు అత్త రక్తంలో వెతికినా దొరకనంతగా అణిగిపోయిందట. ఇలాగే మాత్రలు వేసుకుంటూ ఉంటే మొగుడికి కూడా అంటదని నర్సు చెప్పిందట.

"నువ్వు పెద్దదానివవుతున్నావు గనక చెప్తున్నా. రేపు నువ్వు కూడా భయపడకుండా పరీక్ష చేయించుకోవాలి. ఇంకెవరితోనూ అనకు తల్లీ. చెప్పాల్సినవాళ్ళకి నేనే చెప్పుకుంటా, ఒక్కొక్కళ్ళకీ, నా నోటికి ఎప్పుడొస్తే అప్పుడు."

సరేనని బొనిసిలే తలూపబోతే అత్త తల పట్టుకుంది. "కదలకు. పాయ వంకర పోతుంది."

బొనిసిలే కదలలేదు. ఎవరితోనూ అనలేదు. రాసుకుంది.

ఆమె రోజూ రాసుకునేది. పాత లెక్కల నోటుపుస్తకంలో మిగిలిన పేజీలన్నీ అలాగే నిండాయి. బడిలో త్వాలా సారు, క్లినిక్ వాళ్ళ యువజన దినం పోటీలో కవిత చెప్పేవాళ్ళు కావాలన్నప్పుడు, ఆమె చెయ్యెత్తలేదు. సాయంత్రం అందరూ వెళ్ళాక ఆ పేజీ చింపి ఆయన బల్ల మీద పెట్టి పరుగెత్తింది. మర్నాడు సారు ఆమెను పిలిచి చాలాసేపు ఆ కాగితం వైపే చూశాడు.

"'జాగ్రత్త, జాగ్రత్త' అని మిగతావాళ్ళు రాశారు. ఆ మాట క్లినిక్ గోడ మీదే ఉంది, ఎవడూ చదవడు. దీన్ని వింటారు. ఇందులో ఎవరి పేరూ లేదుగా?"

"లేదు సార్."

నిజంగానే లేదు. ఊరి పేరు లేదు. 'అత్త' అనే మాట కూడా లేదు. ఆమె మూడుసార్లు చూసుకుంది.

"ఒకటి మర్చిపోయావు," అన్నాడు సారు. "పదిమందిలో నిలబడి నోరు విప్పేవాళ్ళు ముందు తమ ఇంటిపేరు పొగడ్తలు చెప్పుకోవాలి. లేకపోతే ఎవరి బిడ్డ మాట్లాడుతోందని వింటారు?"

అది ఎంత మామూలు సంగతంటే, అందులోనే పేరు బయటపడుతుందని సారుకూ తట్టలేదు, ఆమెకూ తట్టలేదు. మాట్సే వాళ్ళం ఎక్కడినుంచి వచ్చాం, ఏ ఏరు దాటాం, మా తాతల తాత ఎవరు, ఇవన్నీ ఆమెకు మాటలు రాకముందే వచ్చు. ఏడిస్తే నాన్నమ్మ అవే పాడి ఊరుకోబెట్టేది. కానీ ఆ చుట్టుపక్కల మాట్సే వాళ్ళ ఇల్లు ఒక్కటే. ఆ ఇంట్లో జడలల్లే చేతులు రెండే.

క్లినిక్ ఆవరణలో ఆమె బల్ల ఎక్కింది. పొగడ్తలు మొదలుపెట్టగానే కింద కూర్చున్న వేరే ఊళ్ళ ముసలివాళ్ళు "ఊఁ" కొట్టారు. ఆ ఊపులో గొంతు తనది కానట్టు బయటికొచ్చింది. పక్కింటికి వెళ్ళి ఉప్పు అడగలేని పిల్ల నాలుగు బడుల పిల్లల నోళ్ళు మూయించింది. అయ్యాక రక్తపరీక్షల డేరా ముందు పిల్లలు వరస కట్టారు. మైకు పట్టుకున్న ఒకాయన దగ్గరకొచ్చి, "రికార్డు చేశామమ్మా, రేడియోలో వేస్తాం, సరేనా?" అన్నాడు. వద్దని చెప్పాలంటే నోరు తెరవాలి. ఎందుకు వద్దో చెప్పాలంటే ఇంకా చాలాసేపు తెరవాలి. ఆమె తల దానంతటదే ఊగింది.

అసలు సంగతి అది కూడా కాదు. వేస్తే బాగుండునని ఆమె లోపల ఒక మూల అనుకుంది. ఆ మాట ఆమె నోటుపుస్తకంలో కూడా రాసుకోలేదు.

*

రెండయింది. పాటలు ఆగాయి. లాజ్వానే తల మీద సగం జడలు పూర్తయ్యాయి. ఎడమవైపు నాగటిచాళ్ళలా వరసలు, కుడివైపు విప్పిన జుట్టు గొర్రె ఉన్నిలా నిలబడి ఉంది.

రేడియోలో మాట్సే పొగడ్తలు వినిపించాయి. నాన్నమ్మ అలవాటుగా "ఊఁ" అంది.

"అమ్మా, బొనిసిలే రేడియోలో ఉంది," అంది నొక్వాండా.

అత్త ముఖం విప్పారింది. "అమ్మ దొంగా. ఒక్క ముక్క చెప్పలేదే."

రేడియోలో గొంతు అంది:

*మా ఇంట్లో ఒక సీసా ఉంది.
గలగలమంటే ఎవరైనా వింటారని
దాని నోట్లో దూది కుక్కాం.
సెలవుల్లో నా జుట్టు అల్లే చేతులు
దాని మూత తిప్పేటప్పుడు గోడవైపు తిరుగుతాయి.
రోజుకో మాత్ర. ఆ మాత్ర రోగాన్ని జోకొట్టింది.
రోగం నిద్రపోయి ఐదేళ్ళయింది.
మా ఇంట్లో మేలుకుని ఉన్నది సిగ్గొక్కటే.
దానికి మాత్ర ఏ క్లినిక్‌లో ఇస్తారు?*

ఇంకా ఉంది. పరీక్ష చేయించుకోండి, మాత్ర మానకండి, దూది తీసి పారేయండి అని చాలా ఉంది. అత్త వేళ్ళు కాసేపు అల్లుతూనే ఉన్నాయి. తర్వాత ఆగాయి. పట్టుకున్న పాయ మెల్లగా విప్పుకుపోయింది.

"మన సీసా గురించి చెప్తోంది," అంది నొక్వాండా.

నాన్నమ్మ చాపిన కాళ్ళు దగ్గరకు తీసుకుంది. రేడియోలో చప్పట్లు మొదలయ్యాయి, చాలాసేపు ఆగలేదు. లాజ్వానే ఆ చప్పట్లు అయ్యేదాకా కూర్చుంది. తర్వాత ఎవరి వైపూ చూడకుండా, "బాగా చెప్పావమ్మా," అంది. లేచి, ఒళ్ళో పడిన వెంట్రుకలు దులుపుకుంది.

"ఇంకా సగం ఉంది వదినా," అంది అత్త.

"పొయ్యి మీద చిక్కుళ్ళు పెట్టొచ్చాను. మిగతా సగం ఇంటి దగ్గర ఎవరిచేతైనా వేయించుకుంటాలే."

తలకు గుడ్డ చుట్టుకుంది. కుడివైపు జుట్టు గుడ్డను ఒకపక్కకు ఎత్తిపెట్టింది. ఆ తలతోనే, ఊరు ఈ చివర నుంచి ఆ చివరదాకా నడిచి వెళ్ళింది.

అత్త దువ్వెన తీసుకుని, ఇంకా శుభ్రంగానే ఉన్నదాన్ని చాలాసేపు శుభ్రం చేసింది. అరుస్తుందని బొనిసిలే ఎదురుచూసింది. అరిస్తే బాగుండునని చూసింది. అత్త పాపను ఎత్తుకుని, ఆవరణ అవతల ఉన్న తన గదికి వెళ్ళిపోయింది. రేడియో ఎవరూ ఆపలేదు.

*

ఆ వారం అత్త పీట మీద ఎవరూ కూర్చోలేదు. ఎవరూ మాట అనలేదు, నవ్వుతూనే పలకరించారు. ఎప్పుడూ వచ్చే లామసుకు అనే ఆవిడ జుట్టు కత్తిరించేసుకుంది. ఇంకొకావిడ తల నొప్పిగా ఉందంది. అత్త రోజూ పీట గుమ్మం ముందు వేసి, నూనె సీసా పక్కన పెట్టుకుని, సాయంత్రం రెండూ లోపలికి తీసుకెళ్ళేది. బొనిసిలే వంట చేసి తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో అందించేది. అత్త తీసుకునేది. చూసేది కాదు.

బుధవారం కుళాయి దగ్గర తెంగెటిలే అనే క్లాసుపిల్ల ఆమె చెయ్యి పట్టుకుంది.

"నీది విన్నాకే నేను కూడా డేరాలోకి వెళ్ళానే. ఏం లేదన్నారు. రేడియోలో విని మా అక్క కూడా వెళ్తానంటోంది. అది మూడేళ్ళుగా భయపడి చస్తోంది."

బొనిసిలేకు ఒళ్ళు తేలికైంది. నీళ్ళు మోసుకుంటూ సగం దారి అలాగే వచ్చింది. అప్పుడు ఖాళీ పీట కనపడింది. సంతోషించినందుకు వచ్చిన సిగ్గు, చేసినదానికి వచ్చిన సిగ్గుకంటే ఎక్కువైంది.

శుక్రవారం సబేలో చెరకు లారీ రోడ్డు మీద ఆపి వచ్చాడు. అత్త గది వెనక నిలబడి ఇద్దరూ మాట్లాడుకున్నారు. బొనిసిలే అవతల గుమ్మడాకు కోస్తోంది. వినకూడదనుకుంది. కానీ కదలలేదు.

"నాకు నువ్వు మొదటి నెలలోనే చెప్పావు. నాకేమన్నా కొత్తా?" అంటున్నాడు సబేలో. "మా వాళ్ళు కూడా ఆ జబ్బు మాట ఎత్తట్లేదు. అలాంటిది మా ఇంట్లో లేదని ఎవడంటాడు? ఇంటి మాట రేడియోకెక్కించే ఇంటినుంచి పిల్లని తెచ్చుకోం అంటున్నారు."

"మీ అమ్మకి నేనే చెప్పుకుంటానన్నాను. పెళ్ళి మాటలు అయ్యాక, ఆమె పక్కన కూర్చుని. ఎలా చెప్పాలో కూడా అనుకున్నాను."

"తెలుసు."

"నువ్వేమంటావు?"

"ఈ చెరకు కోతలు అయ్యేదాకా ఆగుదాం."

"ఆగడానికి నేనేమన్నా నీ లారీనా సబేలో, బ్రేకేసి పోతే ఉన్నచోటే ఉండటానికి?"

కాసేపటికి లారీ కదిలిన చప్పుడైంది.

శనివారం ఎవరూ రాలేదు. నాన్నమ్మ మాత్రం కొత్త చాపలు పరిచింది. కాచి పెట్టిన మొక్కజొన్న బీరు మీద గుడ్డ కప్పి ఉంచింది. మధ్యాహ్నం దాటాక చాపలు తనే చుట్టేసింది. గంజి కాచడానికి పిండి డబ్బా దింపితే, అడుగు గీకిన చేతికి బ్యాటరీ తగిలింది. పిండి ఊది, దాన్ని అరచేతిలో పెట్టుకుని బొనిసిలే వైపు చూసింది.

"అయితే నీకు ముందే తెలుసన్నమాట."

బొనిసిలే తల దించుకుంది.

"ఆ రోజు పొద్దున్న నాకొక్క మాట చెప్తే ఆ లాజ్వానేని ఏదో చెప్పి పంపేసేదాన్ని. రేడియోని బావిలో పడేసేదాన్ని. దీన్ని దాచడానికి వచ్చిన తెలివి నోరు తెరవడానికి రాలేదేం?"

"భయమేసింది నాన్నమ్మా."

"అంతమంది ముందు బల్లెక్కితే వెయ్యలేదా?"

నాన్నమ్మ పొయ్యి దగ్గర కూలబడి, గోడవారగా ఉన్న తన దిండు లాక్కుని బొనిసిలే ఒళ్ళో వేసింది. చేతికి పలచగా తగిలింది, లోపల ఏమీ లేనట్టు.

"మీ తాత పోయినప్పుడు ఇంటినిండా జనం. మీ అత్త పచ్చిబాలింత. అటూ ఇటూ తిరుగుతుంటే దాని సంచిలో సీసా గలగలమంటోంది. అది స్నానానికి వెళ్ళినప్పుడు ఈ దిండు కుట్లు విప్పి పిడికెడు దూది తీసి కుక్కాను. తెల్లారి చూసుకుంది. ఎవరు పెట్టారని అడగలేదు. నేనూ చెప్పలేదు. ఎప్పుడు కొత్త సీసా తెచ్చినా దాన్ని ఒకపూట నా చాప పక్కన మర్చిపోయినట్టు వదిలేస్తుంది. నేను దిండు విప్పుతాను." నాన్నమ్మ పొయ్యిలో పుల్ల ఎగదోసింది. "నువ్వు దాన్ని సిగ్గన్నావు రేడియోలో. ఏమో, సిగ్గేనేమో. నాకు మాత్రం మీ అత్త భుజం మీద చెయ్యేసినట్టుండేది."

ఆ రోజు బొనిసిలేకు గంజి దిగలేదు. నోటుపుస్తకం తీసి రాసింది. కొట్టేసింది. మళ్ళీ రాసింది. క్షమించమని రాసింది. దూది పెట్టింది ఎవరో తనకు తెలియలేదని రాసింది. జుట్టు అల్లే చేతులు మళ్ళీ నా తల మీద పడితే చాలని రాసింది. చివరికి రెండు పేజీలైంది. చదువుకుంటే ఏడుపొచ్చింది. బాగా వచ్చిందనిపించింది.

ఆదివారం, సరిగ్గా వారానికి, ఆ పుస్తకం పట్టుకుని ఆవరణ దాటి అత్త గది ముందు నిలబడింది. పీట గుమ్మం ముందే ఉంది. తలుపు తట్టింది.

"ఎవరూ?"

"నేనత్తా."

తలుపు సగం తెరుచుకుంది. అత్త ఆమె ముఖం చూడలేదు. చేతిలో పుస్తకం చూసింది.

"ఏంటది?"

"క్షమించమని… రాశాను."

"రాశావా." అత్త తలుపు అంచు పట్టుకునే ఉంది. "అందులో నేనున్నానా?"

బొనిసిలే తలూపింది.

"దూది?"

"ఉందత్తా. నాన్నమ్మ చెప్పింది. నాకు తెలీక…"

"అది కూడా రాశావా." అత్త గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "మీ సారుకి చూపించావా?"

"లేదు. ఒట్టు."

"చూపిస్తే మెచ్చుకుంటాడులే." వెనక పాప ఏదో అడుగుతుంటే చేత్తో ఆగమంది. "పుస్తకం కింద పెట్టు బొనిసిలే. పెట్టి, ఏం చెప్పాలనుకున్నావో నీ నోటితో చెప్పు. ఒక్క ముక్క చాలు. వింటాను."

బొనిసిలే వంగి పుస్తకం పీట మీద పెట్టింది. నిటారుగా నిలబడింది. అత్త నిజంగానే వింటోంది. ఎవరి కష్టమైనా వినేటప్పుడు ఉన్నట్టే ఉంది ఆమె ముఖం. ఎన్నాళ్ళ తర్వాతో తన వైపు తిరిగిన ముఖం.

"అత్తా," అంది.

తర్వాతి మాట కోసం వెతుక్కుంది. రాత్రి ఎన్నిసార్లు చదివిందో, ఆ మాట ఏ పేజీలో ఎన్నో వరసలో ఉందో తెలుసు. నోట్లో మాత్రం లేదు. పెదాలు కదిలాయి. గాలి వచ్చింది. ఆమె కళ్ళు, తను వద్దనుకుంటూనే, కిందికి జారి పీట మీద పుస్తకం దగ్గర ఆగాయి.

అత్త ఆ చూపు ఎక్కడికి వెళ్ళిందో చూసింది. ఇంకా కొంచెం ఆగింది. తర్వాత, లోపల ఎవరో పడుకున్నట్టు, చప్పుడు కాకుండా తలుపు వేసేసింది.